గుడ్డ వెంట నడిచిన మాట: టిక్కెట్టు బొమ్మ నుంచి వాట్సాప్ స్టేటస్ దాకా

మన సమాఖ్య వార్షికోత్సవ సంచిక ఈసారి కాగితం మీద కాకుండా సెల్‌ఫోన్‌లోనే మీ చేతికి వస్తోంది. ఇదే ఫోన్‌లో మన పిల్లలు కైలీల ఫొటోలు, చీరల ఫొటోలు స్టేటస్ పెడుతున్నారు. "నాన్నా, పోస్టు బాగా రాస్తేనే సరుకు పోతుంది" అని ఇంట్లో పెద్దవాళ్ళకి పాఠం చెప్తున్నారు కూడా. ఇదేదో కొత్త విద్య అని చాలామంది అనుకుంటారు. ఫోన్ కొత్తదే కానీ గుడ్డ వెంట ఒక మాట, ఒక బొమ్మ నడవడం కొత్త కాదు. మన గళ్ళ గుడ్డ సముద్రం దాటిన రోజు నుంచీ దాని వెంట ఎవరో ఒకరి మాట వెళ్తూనే ఉంది. ఆ మాట ఎవరు రాశారు, దానివల్ల ఎవరు బాగుపడ్డారు అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది.

మద్రాసుకి ఉత్తరాన పులికాట్ ఉంది. తమిళంలో పళవేర్కాడు, మన పాత తెలుగులో ప్రళయకావేరి. డచ్చివాళ్ళు 1600ల మొదట్లో అక్కడ కోట కట్టుకొని, ఈ తీరం గుడ్డలు తూర్పు దీవులకి ఎగుమతి చేశారు. మలేసియా, ఇండోనేసియాల్లో ఈ రోజుకీ మగవాళ్ళు కట్టుకునే గళ్ళ లుంగీని "కైన్ పెలికాట్" అంటారు. కైన్ అంటే గుడ్డ. పెలికాట్ అంటే మన పులికాటే. ఇంగ్లీషులో కూడా గళ్ళ రుమాలుకి పులికాట్ అనే పేరు చాలాకాలం నడిచింది. ఒక ఊరి పేరు గుడ్డకి పేరైపోయింది. ఇప్పటి పిల్లలు బ్రాండ్ అనేది ఇదే. కాకపోతే ఆ పేరు నిలబెట్టినవాడు ఓడవాడు, నిలబడింది రేవు పేరు. లోపలి ఊళ్ళలో గుంట మగ్గం మీద కూర్చుని నేసినవాడి ఊరి పేరు ఎక్కడా లేదు. గుడియాత్తం కైలీ కూడా ఆ గళ్ళ గుడ్డల వంశంలోదే. సింగపూరు అంగడిలో మన గళ్ళు చూసి "పెలికాట్" అనేవాడికి గుడియాత్తం ఎక్కడుందో తెలియదు.

తర్వాత మాంచెస్టర్ మిల్లులు వచ్చాయి. యంత్రం సంగతి మనందరికీ తెలిసిందే, మన తాతల పొట్ట కొట్టింది అదే. కానీ వాళ్ళు యంత్రంతో పాటు ఇంకో పని కూడా చేశారు. ప్రతి తానుకీ రంగురంగుల చీటీ ఒకటి అంటించి పంపారు. దాన్ని టిక్కెట్టు అనేవాళ్ళు. దాని మీద కృష్ణుడు, లక్ష్మీదేవి, ఏనుగు, పులి, రాజుగారి సవారీ. చదువు రానివాళ్ళు కూడా "ఆ ఏనుగు బొమ్మ తాను ఇవ్వు" అని అడిగేవాళ్ళు. మన దేవుళ్ళ బొమ్మ వేసుకొని వచ్చి మన మార్కెట్‌నే పట్టుకున్నారు. కొనేవాడి కళ్ళకి ఏది ఇంపో, ఏ భాష లేకపోయినా ఏది అర్థమవుతుందో వాళ్ళు కూర్చుని ఆలోచించారు. మన మగ్గం గుడ్డ మెరుగైనదే అయినా, మడత పెట్టి మూట కట్టి సంతలో పడేశాక దాని మీద ఏ గుర్తూ లేదు.

గుడియాత్తం వాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మన ఊరు కైలీలకి ఎంత పేరో అగ్గిపెట్టెలకీ అంతే. అగ్గిపుల్ల ఏ పెట్టెలోదైనా ఒకేలా వెలుగుతుంది. అయినా ఒక్కో పెట్టె మీద ఒక్కో బొమ్మ ఎందుకు? అంగట్లో చెయ్యి చాపి అడగడానికి. పక్క వీధిలో అగ్గిపెట్టెల వాళ్ళు చేసిన పనిని మనం మన కైలీకి చెయ్యలేదు. సేట్ చీటీ అంటిస్తే సరిపోతుందిలే అనుకున్నాం.

ఇక ఇప్పుడు చెప్పబోయేది మన గళ్ళ గుడ్డ చరిత్రలోకెల్లా గట్టి కథ. మద్రాసు గళ్ళ గుడ్డని అమెరికాలో "బ్లీడింగ్ మెడ్రాస్" అన్నారు, అంటే రంగు దిగే మద్రాసు గుడ్డ. కథ ఇలా చెబుతారు. 1958లో విలియం జేకబ్‌సన్ అనే అమెరికా వ్యాపారి మద్రాసు వచ్చాడు. ఆ రోజుల్లో చేనేత ఎగుమతులు చేస్తున్న కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్, తర్వాత లీలా హోటళ్ళు పెట్టినాయన, అతనికి గళ్ళ గుడ్డ వేల గజాలు అమ్మాడు. అమ్మేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పాడు: ఇది పసరు రంగులు వేసిన గుడ్డ, చన్నీళ్ళలో మెల్లగా ఉతకాలి, లేకపోతే రంగు దిగుతుంది. ఆ వ్యాపారి న్యూయార్క్‌లోని బ్రూక్స్ బ్రదర్స్ అనే పెద్ద దుకాణానికి సరుకు అమ్మాడు గానీ, ఈ ఒక్క మాట అందించలేదు. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి వేడినీళ్ళ మెషీన్‌లో పడేశారు. నీలం వచ్చి ఎరుపులో కలిసింది, ఎరుపు వచ్చి తెల్ల చొక్కాకి అంటింది. గొడవ మొదలైంది. కోర్టుకి లాగుతామన్నారు.

అక్కడ ఇంకెవరైనా అయితే ఏం చేసేవారు? రంగు తప్పు, నేతవాడి తప్పు అని డబ్బు వాపసిచ్చి, మళ్ళీ ఆ గుడ్డ జోలికి పోయేవాళ్ళు కారు. అలా జరగలేదు. నాయర్ అమెరికా వెళ్ళి, పడుచుపిల్లలు చదివే "సెవెంటీన్" అనే పత్రికతో మాట్లాడాడు. ఆ పత్రిక పేజీలకు పేజీలు రాసింది: ఇది ఇండియాలో చేత్తో నేసిన గుడ్డ, ప్రతి ఉతుకుకీ రంగులు ఒకదాంట్లో ఒకటి కరిగి కొత్త అందం వస్తుంది, నీ చొక్కా లాంటిది ఇంకొకరికి ఉండదు అని. రంగు దిగుతుందని గ్యారంటీ ఇస్తాం అనే అర్థంలో ప్రకటనలు వచ్చాయి. తప్పు అనుకున్నదే గొప్ప అయింది. 1960ల్లో అమెరికా కాలేజీ కుర్రాళ్ళు రంగు దిగకపోతే ఇది అసలు మద్రాసు కాదు అని దుకాణంలో అడిగేదాకా వచ్చింది.

ఈ కథని సెల్‌ఫోన్ కాలంలో మనం రెండుసార్లు చదవాలి. మొదటిది, ఆ గుడ్డని కాపాడింది కొత్త డిజైను కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాట. రెండోది, నష్టం వచ్చింది నేతలో కాదు, మధ్యలో ఆగిపోయిన ఒక్క వాక్యంలో. "చన్నీళ్ళలో ఉతకండి" అనే మాట మగ్గం దగ్గర బయల్దేరి సముద్రం దాటింది గానీ అంగడి గుమ్మం దాటలేదు. ఇవాళ పోస్టు అనేది ఆ మధ్యవాళ్ళని దాటించి మాటని నేరుగా కట్టుకునేవాళ్ళకి చేర్చగలదు. ఆ కథలో నేతవాళ్ళు ఒక్కరైనా మాట్లాడారా అంటే లేదు. వ్యాపారి మాట్లాడాడు, ఎగుమతిదారు మాట్లాడాడు, పత్రిక రాసింది. నేసిన చేతుల ఊరు ఏదో ఎవరూ అడగలేదు.

మన రాష్ట్రంలోనే ఇంకో ఘట్టం ఉంది. 1952, 53 సంవత్సరాల్లో మద్రాసు రాష్ట్రమంతా చేనేత కుప్పకూలింది. నేసిన గుడ్డ ఇళ్ళలోనే గుట్టలు పడింది. నేతవాళ్ళ కోసం గంజి కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. ముఖ్యమంత్రి రాజాజీ చీరలు, పంచెలు చేనేతకే వదిలిపెట్టమని ఢిల్లీని అడిగారు. అప్పుడు అన్నాదురై ఏం చేశారంటే, 1953లో తిరుచ్చి వీధుల్లో చేనేత గుడ్డలు భుజాన వేసుకొని స్వయంగా అమ్మారు. ఆయన పార్టీ నాయకులు వేరే ఊళ్ళలో అదే పని చేశారు. పార్టీల సంగతి పక్కన పెట్టండి. పత్రిక చదవనివాడు కూడా ఆ దృశ్యం చూసి, నేతవాడికి కష్టమొచ్చింది అని గ్రహించాడు. అదే సంవత్సరం కేంద్రం మిల్లు గుడ్డ మీద సెస్సు వేసి ఆ డబ్బు చేనేతకి మళ్ళించింది. ఇవాళ సినిమా తారలు చేనేత చీర కట్టి ఫొటో పెడితే జనం చూస్తారే, దానికి ఇది తాత లాంటిది. కానీ ఒక తేడా ఉంది. ఆ రోజు చూసినవాడికి అక్కడికక్కడే కొనడానికి గుడ్డ చేతికందేది. ఇవాళ తార ఫొటో కింద ఆ చీర ఎక్కడ దొరుకుతుందో, ఎవరు నేశారో తరచుగా ఉండదు. చూసి మెచ్చుకొని వేలు పైకి తోసేస్తారు.

మనకి బొమ్మ చూపించి కథ చెప్పడం రాదా అంటే, రాకేం. తెలంగాణలో కూనపులి వాళ్ళు ఊరూరా తిరిగి పద్మశాలీలకి మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేవాళ్ళు. గజాల పొడుగు గుడ్డ మీద చేర్యాల నకాషీ వాళ్ళు గీసిన బొమ్మల పటం వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మ చూపిస్తూ, దాని కథ పాడుతూ, తర్వాతి బొమ్మకి చుట్టుకుంటూ పోతారు. వేలితో తోసుకుంటూ చూసే రీల్స్‌కి ఇది ఎంత దగ్గరో చూడండి. ఒక బొమ్మకి ఒక సంగతే. వినేవాళ్ళు ఎవరో తెలుసు కాబట్టి వాళ్ళ మగ్గం, వాళ్ళ నూలు, వాళ్ళ దేవుడు కథలో ఉంటారు. తమిళనాడుకి వచ్చి స్థిరపడ్డ మన కుటుంబాలకి ఆ పటం కథలు అందలేదు గానీ, ఆ తీరు మన రక్తంలోదే.

ఫోన్ కాలానికి వద్దాం. 2015 ఆగస్టు 7న మొట్టమొదటి జాతీయ చేనేత దినోత్సవం మన చెన్నైలోనే, మద్రాసు విశ్వవిద్యాలయం శతవార్షిక మందిరంలో ప్రధాని మోదీ చేతుల మీదుగా మొదలైంది. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్‌లో స్వదేశీ ఉద్యమం ప్రకటించారు కాబట్టి ఆ తేదీ. మరుసటి ఏడాది ఆగస్టులో కేంద్ర జౌళి మంత్రి స్మృతి ఇరానీ "ఐ వేర్ హ్యాండ్‌లూమ్" అని ట్విట్టర్‌లో పెడితే పెద్దవాళ్ళు, తారలు, ఉద్యోగులు అందరూ చేనేత కట్టి ఫొటోలు పెట్టారు. తెలంగాణలో సోమవారం చేనేత అన్నారు. ఇవన్నీ మంచివే. కానీ నన్నడిగితే వీటన్నిటికంటే గట్టి పని 2015 మార్చిలో బెంగళూరులో ఇద్దరు ఆడవాళ్ళు చేశారు. అంజు మౌద్గల్ కదం, ఆలీ మాథన్ అనే స్నేహితులు, ఏడాదిలో వంద సార్లు చీర కడదాం, కట్టిన ప్రతిసారీ ఆ చీర కథ రాద్దాం అని ఒప్పందం చేసుకున్నారు. వంద చీరల ఒప్పందం అని దేశమంతా పాకింది. ధర రాయలేదు, ఆఫర్ రాయలేదు. ఇది మా అమ్మ పెళ్ళి చీర, ఇది మొదటి జీతంతో కొన్నది, ఇలా. బీరువాలో మగ్గిపోతున్న చీరలు బయటికొచ్చాయి. అంతకుముందు ప్రచారాలు "చేనేతని కాపాడండి" అని అడిగేవి. ఎంతసేపని జాలిపడతారు జనం? వీళ్ళు జాలి అడగలేదు.

మన కో-ఆప్టెక్స్ 1935లో పుట్టిన సంస్థ. అది పట్టుచీరలతో పాటు నేసినవారి ఫొటో, పేరు ఉన్న కార్డు పెట్టింది. పులికాట్ కాలం నుంచి లేని పేరు మొదటిసారి గుడ్డ వెంట నడిచింది. సిరిసిల్లలో అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్లా వారి కుటుంబం సంగతి మీకు తెలుసు. చీర పలుచన అని చెప్పడానికి వాళ్ళకి ఒక్క ఫొటో చాలింది. అదే ఊరికి చెందిన యెల్ది హరిప్రసాద్ జి20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి ప్రధానికి పంపితే, 2022 నవంబరు 27న మన్ కీ బాత్‌లో ఆయన పేరు దేశమంతా విన్నది. ఎవరినీ ప్రచారానికి పెట్టుకోలేదు, చేతిపనే మాట్లాడింది.

ఫోన్‌ని నమ్ముకోవడంలో ఒక చిక్కుంది, అది కూడా చరిత్రలోకి ఎక్కింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని ప్రభుత్వం ఆపేసింది. అంతకుముందు రోజు దాకా అందులో వీడియోలు పెట్టి వేలమందిని పోగేసుకున్నవాళ్ళందరికీ ఒక్క రాత్రిలో చూసేవాళ్ళు పోయారు. మనం పోగేసుకోవాల్సింది ఆ లెక్క కాదు. కొన్నవాళ్ళ పేరు, నంబరు, వాళ్ళకి ఏ రంగు ఇష్టమో పాత ఖాతా పుస్తకంలో రాసుకున్నట్టు మన దగ్గర ఉండాలి.

ఇక మనవాళ్ళు పెడుతున్న పోస్టులు చూద్దాం. నొప్పించడానికి కాదు, ఇంట్లో మాట ఇంట్లో. పొద్దున్నే పువ్వు బొమ్మతో శుభోదయం. తర్వాత నాయకుడి పుట్టినరోజు. తర్వాత ఇరవై చీరలు ఒకదాని మీద ఒకటి పరిచిన ఫొటో, కింద "క్వాలిటీ గ్యారంటీ, కావలసినవారు సంప్రదించండి". ఈ మాట పవర్‌లూమ్ సరుకు అమ్మేవాడూ రాస్తాడు, సూరత్ వాడూ రాస్తాడు. మగ్గం మీద కూర్చున్నవాడికి మాత్రమే తెలిసిన సంగతి ఒక్కటీ అందులో లేదు. ఉదాహరణకి ఒక కైలీ ఫొటో పెట్టి ఇలా రాస్తే?

"ఇది గుడియాత్తంలో మా ఇంట్లో చేతిమగ్గం మీద నేసిన నూలు కైలీ. పొడుగు రెండు మీటర్లు. అంచు దగ్గర చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి, అవి చిరుగు కాదు. గుడ్డ బిగువుగా ఉండడానికి మగ్గం మీద పెట్టే కర్ర ములుకుల గుర్తులు. గంజి ఉంది కాబట్టి మొదట గరుకుగా ఉంటుంది, ఉతికాక మెత్తబడుతుంది. మొదటి రెండుసార్లు చన్నీళ్ళలో విడిగా ఉతికి, నీడలో ఆరెయ్యండి. కండెలు చుట్టింది మా అమ్మ, నేసింది మా నాన్న. ధర ఇంత."

ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. కానీ కొనేవాడికి రాబోయే నాలుగు సందేహాలకి ముందే జవాబుంది. ములుకుల గుర్తుల ఫొటో దగ్గరగా తీసి పెడితే, పవర్‌లూమ్‌కీ మనకీ తేడా ఏమిటో ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది. ధర కూడా రాయాలి. "ఇన్‌బాక్స్‌లో అడగండి" అంటే అడిగేవాళ్ళలో సగం మంది జారుకుంటారు.

అదే నోటితో ఇంకో మాట. పవర్‌లూమ్ మీద నేసినదాన్ని చేనేత అని పోస్టు పెట్టకూడదు. 1985 చట్టం చేనేతకి కేటాయించిన రకాల్లో లుంగీ కూడా ఉంది, అది కాగితం మీద. వీధిలో ఏం జరుగుతోందో మనకి తెలుసు. పవర్‌లూమ్ నడుపుకునే కుటుంబాలు మనలో ఉన్నాయి, వాళ్ళ కష్టమూ కష్టమే. పవర్‌లూమ్ అనే చెప్పి అమ్ముకోవచ్చు. 2019-20 చేనేత గణనలో మూడింట రెండు వంతుల చేనేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే అని తేలింది. ఆ కుటుంబాలకి మిగిలిన ఒకే ఆస్తి "చేతిది" అనే మాట. దాన్ని మనమే చెరిపేస్తే మనల్ని కాపాడే సెవెంటీన్ పత్రిక ఇంకొకటి రాదు. ఆ గణనలోనే చేనేత పనివాళ్ళలో నూటికి డెబ్బై మంది పైనే ఆడవాళ్ళని ఉంది. మన పోస్టుల్లో మాత్రం అందరూ మగవాళ్ళే, శాలువాలు కప్పుకొని.

ప్రతి ఆగస్టులో మన గ్రూపుల్లో ఒక పోస్టు తిరుగుతుంది: 1947 ఆగస్టు 15న ఎర్రకోట మీద ఎగిరిన మొదటి జెండా గుడియాత్తంలోనే నేశారు అని. మన పెద్దలు తరాలుగా చెప్పుకుంటున్న మాట అది, నాకూ వినడానికి గర్వంగానే ఉంటుంది. కానీ నెహ్రూ ఎర్రకోట మీద జెండా ఎగరేసింది ఆగస్టు 16న. తేదీయే తప్పు రాస్తే, తెలిసినవాడు మిగిలినదంతా కూడా పుకారే అనుకుంటాడు. 2021 డిసెంబరులో జెండా నియమావళి మార్చి మిషన్ మీద చేసిన పాలియెస్టర్ జెండాలకి కూడా అనుమతిచ్చారు. జెండా గుడ్డ చేత్తో నేసే ఊరిగా మనం గొంతు విప్పాలంటే గట్టి ఆధారం కావాలి. మీ ఇంటి ట్రంకు పెట్టెలో ఆనాటి ఆర్డరు కాగితం, బిల్లు పుస్తకం, జెండా గుడ్డ ముక్క, కైలీ టిక్కెట్టు ఏదైనా ఉంటే ఫొటో తీయండి. వెనకవైపు కూడా తీయండి, తేదీ అక్కడే ఉంటుంది. అది ఎవరిదో, ఏ వీధిదో ఇంట్లో పెద్దవాళ్ళ చేత చెప్పించి గొంతు రికార్డు చేయండి.

భాష సంగతి చాలామంది అడుగుతారు. మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం రాశాం. 2006లో వచ్చిన తమిళ చట్టం తర్వాత చదువుకున్న మన పిల్లల్లో తెలుగు అక్షరాలు రానివాళ్ళే ఎక్కువ. కొనేవాళ్ళు వేలూరు, చెన్నైవాళ్ళయితే తమిళంలో రాయండి, అందులో చిన్నతనమేమీ లేదు. ఫొటో కింద నాలుగు ముక్కలు తమిళంలో రాసి, మగ్గం చప్పుడు వినిపిస్తుండగా అమ్మమ్మ తెలుగులో చెప్పే మాట వీడియోగా జత చేయొచ్చు. నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. ఆ చప్పుడు వినిపించే ఇళ్ళు మన వీధుల్లో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటే, ఈ వీడియోలు ఎంత తొందరగా తీయాలో తెలుస్తుంది.